మావోరీల గడపలోకి అతిథిగా: న్యూజిలాండ్ వస్తున్న ఒక జంట ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరూ మీ ఆవిడా హైదరాబాద్ నుంచి మూడు వారాల కోసం న్యూజిలాండ్ వస్తున్నారు. హాకా అనే మావోరీ నృత్యపు షో చూసి ఫొటో దిగి వచ్చేయడం మీకు ఇష్టం లేదు. ఈ దేశపు మూలవాసులైన మావోరీ మనుషులతో నిజమైన పరిచయం కావాలి, వీలైతే వాళ్ళ మరయెకు, అంటే వాళ్ళంతా కలుసుకునే ఉమ్మడి ప్రాంగణానికి, వెళ్ళాలి. ఇద్దరూ శాకాహారులు. తెలియక ఎవరి మనసైనా నొప్పిస్తామేమోనని టెన్షన్. నేను ఉత్తర ద్వీపంలోని రోటోరువాలో టీచర్‌ని. మా బడిలో ఎక్కువమంది మావోరీ పిల్లలే. వాళ్ళతో కలిసి మరయెలో రాత్రి బస చేయడం, అక్కడి పెద్దల దగ్గర కూర్చుని వినడం మా పనిలో భాగం. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు సంతోషంగా ఉంటుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ప్లాన్ మార్చండి. మూడు వారాల్లో పదకొండు ఊళ్ళు రాశారు. రోజూ కారు, రోజూ కొత్త హోటల్. అలా తిరిగితే కొండలు, సరస్సులు చూడొచ్చు గానీ హోటల్ కౌంటర్ దాటి ఒక్క మనిషితోనూ పరిచయం కాదు. మావోరీలు నవ్వుతూ పలకరిస్తారు, సాయం చేస్తారు, కానీ దగ్గర కావడానికి కొంత సమయం తీసుకుంటారు. అదే మనిషిని అదే చోట రెండోసారి కలిసినప్పుడే అసలు మాటలు మొదలవుతాయి. దక్షిణ ద్వీపాన్ని సగానికి తగ్గించండి. ఉత్తర ద్వీపంలో రెండు ప్రాంతాలు ఎంచుకుని ఒక్కోచోట నాలుగైదు రోజులు ఉండండి.

ఇలా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మనం ‘మావోరీ సంస్కృతి’ అని ఒక్క మాటలో అనేస్తాం. 2023 జనాభా లెక్కల్లో మావోరీలుగా నమోదైనవాళ్ళు 8 లక్షల 87 వేల పైచిలుకు, అంటే దేశ జనాభాలో 17.8 శాతం. వీళ్ళంతా తమను ముందు తెగ పేరుతో చెప్పుకుంటారు. (తెగను వాళ్ళు ‘ఇవి’ అంటారు. సంభాషణలో ఆ మాట తరచుగా వినిపిస్తుంది, తికమక పడకండి.) రోటోరువా చుట్టుపక్కల తె అరవ తెగలు, ఉత్తరాన ఙాపుహి, దక్షిణ ద్వీపంలో ఙాయి తహు. ఒక్కొక్కరి పూర్వీకులు ఎక్కి వచ్చిన పడవ వేరు, కొండ వేరు, కథ వేరు, మరయెలో మాట్లాడే వరుస కూడా వేరు. రోటోరువాలో విన్న సంగతిని ఉత్తరాన ఉన్న వైటాంగిలో ‘మీరు ఇలా చేస్తారట కదా’ అంటే వాళ్ళు మర్యాదగా నవ్వి, ‘అది వాళ్ళ పద్ధతి’ అంటారు. అందుకని ఎక్కడికక్కడ కొత్తగా వినాలి.

భాష సంగతి చెబుతాను, ఇక్కడ మనకు మంచి సౌకర్యం ఉంది. మావోరీ భాషలో అచ్చులు అయిదే, వాటికి హ్రస్వం, దీర్ఘం ఉంటాయి. ఇంగ్లీషు వాళ్ళు ఏళ్ళ తరబడి తంటాలు పడే ఎ, ఏ, ఒ, ఓ తేడా మన నోటికి పుట్టుకతోనే వస్తుంది. ‘ర’ మన ‘ర’ లాగే పలుకుతుంది. రోమన్ లిపిలో డబ్ల్యూ, హెచ్ కలిసి వస్తే చాలాచోట్ల ‘ఫ’. ఎన్, జీ కలిసి వస్తే మన ‘వాఙ్మయం’లోని ‘ఙ’. ఇంతే. ‘కియ ఒర’ అని పలకరించండి. ఒక్కరితో అయితే ‘తేనా కొయె’, చాలామందితో అయితే ‘తేనా కౌతౌ’. ఊళ్ళ పేర్లు సరిగ్గా పలకడం ఇక్కడ చిన్న విషయం కాదు. తమ ఊరి పేరును ఎవరో ఒకరు పాడుచేస్తుంటే వినీ వినీ విసిగిపోయిన జనం వీళ్ళు. విమానంలో ఒక గంట కూర్చుని, వెళ్ళబోయే ఊళ్ళ పేర్లు సాధన చేయండి. ఆ ప్రయత్నం అవతలివాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

ఇక మరయె. ఇది ఒక పెద్ద కుటుంబ సమూహానికి చెందిన ప్రాంగణం. ముందు ఖాళీ స్థలం, దాని వెనక చెక్కుడు పని చేసిన సభాగృహం, పక్కన వంటశాల, భోజనశాల. చాలా సభాగృహాలకు ఒక పూర్వీకుడి పేరో పూర్వీకురాలి పేరో ఉంటుంది. ఆ ఇల్లే ఆ మనిషి శరీరం. పైన నడిమి దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు, ముందువైపు వాలుగా దిగిన రెండు పలకలు చాచిన చేతులు. పెళ్ళి, చావు, పంచాయితీ, బడి పిల్లల చదువు, అన్నీ అక్కడే. కాబట్టి గేటు తెరిచి కనిపించినా లోపలికి నడిచి వెళ్ళకూడదు, గోడ మీంచి ఫొటోలు తీయకూడదు. అది వాళ్ళ ఇల్లు. ఎవరైనా పిలవాలి, లేదా మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళే మనిషి ఉండాలి.

పిలుపు వస్తే పోఫిరి అనే స్వాగతం ఉంటుంది. గేటు బయట అందరూ గుంపుగా నిలబడతారు. చాలా మరయెల్లో ఆడవాళ్ళు ముందు నడుస్తారు, మగవాళ్ళు వెనక. లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలుస్తుంది. దాన్ని కరంగ అంటారు. మరయెలో మొట్టమొదట వినిపించేది ఆడమనిషి గొంతే. మీ వైపు నుంచి కూడా ఒకావిడ బదులు పలకాలి. ఆ ఏర్పాటు మిమ్మల్ని తీసుకెళ్ళేవాళ్ళు చూసుకుంటారు. అప్పుడు నెమ్మదిగా నడవాలి. మధ్యలో ఒకచోట ఆగి తల వంచుతారు. అది రెండు వైపులా చనిపోయినవాళ్ళ కోసం. మీరు మీ అమ్మమ్మనో తాతనో తలచుకోండి. వాళ్ళూ మీతో వచ్చారనే అక్కడి నమ్మకం. నేను ఎన్ని పోఫిరీలకు వెళ్ళినా ఆ ఆగే క్షణంలో గొంతు పట్టేస్తుంది.

పెద్ద సందర్భాల్లో ఒక యువకుడు ఈటె తిప్పుతూ ఎదురొచ్చి, చిన్న కొమ్మనో చెక్కనో నేల మీద పెడతాడు. మీరు శాంతిగా వచ్చారా, తగవుకు వచ్చారా అని తేల్చుకునే ఘట్టం అది. మీ తరఫున ఒక మగమనిషి అతని కళ్ళలోంచి చూపు తిప్పకుండా దాన్ని తీసుకోవాలి. రోటోరువా సాయంత్రపు ప్రదర్శనల్లో యాత్రికుల్లోంచి ఒకరిని ఇందుకు ఎంచుకుంటారు. అప్పుడు నవ్వకండి, నాలుక బయటపెట్టి అనుకరించకండి. పక్కన ఎవరైనా ఇకిలిస్తున్నా మీరు నిశ్శబ్దంగా ఉండండి, చాలు.

తర్వాత ప్రసంగాలు. చాలాచోట్ల ముందు వరసలో మగవాళ్ళు కూర్చుంటారు, వాళ్ళే మాట్లాడతారు. దీని గురించి మావోరీ ఆడవాళ్ళలోనే రకరకాల అభిప్రాయాలు ఉన్నాయి. అది వాళ్ళు వాళ్ళ ఇంట్లో తేల్చుకునే విషయం, మొదటిసారి వచ్చిన అతిథి తీర్పు చెప్పే విషయం కాదు. ప్రతి ప్రసంగం తర్వాత ఆ పక్షం వాళ్ళు లేచి ఒక పాట పాడతారు. ఇక్కడ నా గట్టి సలహా: మీ ఇద్దరికీ వచ్చిన ఒక తెలుగు పాట సిద్ధం చేసుకుని రండి. అన్నమయ్య కీర్తన కావచ్చు, మీ ఊరి కోతల పాట కావచ్చు. శ్రుతి తప్పినా ఫరవాలేదు. అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు పాటకంటే మీ అమ్మ నేర్పిన పాటకు అక్కడ ఎంతో విలువ. మా బడికి వచ్చిన ఒక తెలుగు కుటుంబంలో నాయనమ్మ లాలిపాట పాడితే, పాట అయిపోయాక మరయె పెద్దావిడ ఆమె పక్కకు వచ్చి కూర్చుంది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. సాయంత్రం దాకా ఇద్దరూ విడిపోలేదు.

చివరి ప్రసంగం అయ్యాక మీ వైపు పెద్దమనిషి ఒక కవరు తీసుకెళ్ళి నేల మీద పెట్టి వెనక్కి వస్తాడు. అది కొహ, అంటే అతిథులు ఇచ్చే కానుక. ఇంత అని ఎవరూ చెప్పరు. భోజనం, బస బయట అయితే మీకు ఎంత అయ్యేదో దానికి తగ్గకుండా పెట్టండి. ఆపైన ఒకరి తర్వాత ఒకరు హొంగి చేస్తారు. ముక్కు, నుదురు ఆనించి ఒక్క ఊపిరి పంచుకోవడం. తొందర పడకండి, కళ్ళు మూసుకున్నా తప్పు లేదు. మీ ఆవిడకు పరాయి మగవాళ్ళతో ఇబ్బందిగా ఉంటే చెయ్యి చాచి, తల కొంచెం వంచి పలకరిస్తే ఎవరూ తప్పు పట్టరు. జలుబు ఉంటే మాత్రం దయచేసి చేయకండి, వరసలో చాలా పెద్ద వయసువాళ్ళు ఉంటారు. అందరూ కలిసి తిన్నాకే స్వాగతం పూర్తవుతుంది.

నియమాల గురించి మీ టెన్షన్ సగం తీరిపోయే మాట ఒకటి చెబుతాను. సభాగృహంలోకి వెళ్ళేముందు చెప్పులు విప్పాలి. పడుకున్నవాళ్ళను దాటకూడదు. దిండు మీద, తినే బల్ల మీద కూర్చోకూడదు. ఒకరి తలను ఊరికే తాకకూడదు. సభాగృహంలో తిండి తినకూడదు. ఒళ్ళు తుడుచుకునే బట్టలను, వంటింటి బట్టలను కలిపి ఉతకకూడదు. వీటిలో చాలా భాగం మన ఇళ్ళలో అమ్మమ్మలు చెప్పినవే. మన అమ్మమ్మ ఇంట్లో ఎలా మసలుకుంటారో అలా మసలుకుంటే ముప్పాతిక భాగం సరిపోతుంది. మిగతాది పక్కవాళ్ళను చూసి చేయండి. ఆడవాళ్ళు పొడుగు లంగా కట్టుకుని రావాలని చాలా మరయెల్లో కోరతారు. మీ ఆవిడ చీర కట్టుకుని వస్తే అందరికీ చాలా నచ్చుతుంది. లోపల ఫొటో తీయాలంటే అడిగి తీయండి. వద్దంటే కారణం అడగకండి.

మీరు ఎవరో చెప్పుకోవడం కూడా నేర్చుకోవాలి. మావోరీలు పరిచయం చేసుకునేటప్పుడు ముందు తమ కొండ పేరు, నది పేరు, పూర్వీకుల పడవ పేరు, తెగ పేరు చెప్పి, అన్నిటికంటే చివర తమ పేరు చెబుతారు. దీన్ని పెపెహ అంటారు. ఉద్యోగం ఏమిటన్నది ఎవరికీ పట్టదు. మీరు కూడా మీ కంపెనీ పేరుతో మొదలుపెట్టకండి. ‘కో గోదావరి తె అవ’ అంటే చాలు, ‘నది గోదావరి’ అని. కృష్ణ అయితే కృష్ణ, తుంగభద్ర అయితే తుంగభద్ర. తర్వాత మీ అమ్మానాన్నల ఊరు, అక్కడ ఏం పండుతుంది, ఆ నదికి మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు, పుష్కరాలంటే ఏమిటి, ఇవి ఇంగ్లీషులో చెప్పండి. మీ తాతల ఊరు మీకు సరిగ్గా తెలియకపోతే బయల్దేరేముందు ఇంట్లో అడిగి రాసుకోండి. ఇక్కడ ఆ ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు, శ్రద్ధగా వింటారు. ఇక్కడి కొండనో నదినో మాత్రం మీదిగా చెప్పుకోకండి. వాళ్ళకు అది వంశానికి సంబంధించిన విషయం.

కానుకగా ఏం తేవాలని అడిగారు. మనకు వెంటనే గుర్తొచ్చేవి స్వీట్లు, పచ్చళ్ళు. ఈ దేశపు విమానాశ్రయాల్లో తిండి వస్తువుల తనిఖీ చాలా కఠినం. తెచ్చిన ప్రతి తినే వస్తువునీ, చెక్క వస్తువునీ అరైవల్ డిక్లరేషన్‌లో చెప్పాలి. చెప్పకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. పాలతో చేసిన మిఠాయిలు లోపలికి రానివ్వకపోవచ్చు. కొండపల్లి బొమ్మ తేవచ్చు, కానీ చెక్క కాబట్టి డిక్లేర్ చేయండి. అన్నిటికంటే సుఖం బట్ట. ఒక పోచంపల్లి కండువా, కలంకారీ గుడ్డ, మంగళగిరి తువ్వాలు. నేత, చెక్కుడు పని, రెండూ ఇక్కడ పెద్దల విద్యలు. ఎవరు నేశారు, ఎలా నేశారు అని రెండు మాటలు చెప్పగలిగితే ఆ కానుకతోనే ఒక గంట కబుర్లు నడుస్తాయి. కొండ దారుల్లో నడిచే బూట్లు ఉంటే శుభ్రంగా కడిగి తెచ్చి, వాటినీ డిక్లేర్ చేయండి.

తిండి. హాంగి అంటే నేలలో గుంట తీసి, కాల్చిన రాళ్ళ మీద బుట్టలు పెట్టి, మట్టి కప్పి గంటల తరబడి ఆవిరికి ఉడికించే వంట. మాంసం, కూరలు మామూలుగా ఒకే గుంటలో ఉడుకుతాయి, కాబట్టి పొగ, రసం తగలడం ఖాయం. మీకు అది పనికిరాకపోతే ముందే చెప్పండి. రెండు రోజుల ముందు చెబితే విడిగా చేసిపెడతారు, అక్కడికి వెళ్ళి కూర్చున్నాక చెబితే వంటింట్లో వాళ్ళు బాధపడతారు. కూమర అనే చిలగడదుంప, గుమ్మడి, బంగాళదుంప, పులియబెట్టిన బంగాళదుంపతో చేసే రేవెన రొట్టె, వేయించిన రొట్టె ఉంటాయి. రొట్టెలో ఏం కలిపారో అడగండి. కనీసం టీ, ఒక ముక్క రొట్టె అయినా వాళ్ళతో కూర్చుని తీసుకోండి. పూర్తిగా వద్దని దూరంగా నిలబడితే స్వాగతాన్ని సగంలో వదిలేసినట్టు అవుతుంది. రోటోరువాలో ఫకరెవరెవ గ్రామంలో వేడినీటి బుగ్గలో ఉడికించిన మొక్కజొన్న పొత్తులు అమ్ముతారు. శాకాహారులకు అంతకంటే మంచి మొదటి ముద్ద లేదు.

అన్నం తిన్నాక లేచి వంటింట్లోకి వెళ్ళండి. ఈ సమాధానంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇదే పెట్టుకోండి. ప్రసంగాలు ముందు వైపు జరుగుతాయి, పరిచయాలు మాత్రం వెనక సింకు దగ్గరే. ‘తుడిచే గుడ్డ ఇవ్వండి’ అని అడిగి ప్లేట్లు తుడవండి. మొదట ‘మీరు అతిథులు, కూర్చోండి’ అంటారు. ఇంకోసారి అడగండి, ఇచ్చేస్తారు. అక్కడ మేనత్తలు, పిన్నులు, వాళ్ళ కోడళ్ళు నవ్వుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పనిచేస్తుంటారు. మీ పెళ్ళి ఎలా జరిగింది, అత్తగారితో పడుతుందా, పిల్లలెందరు అని అడిగేది అక్కడే. మగవాళ్ళు కూడా వెళ్ళొచ్చు, మీరు కూడా వెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళాలి అన్నది ఇప్పుడు చెబుతాను. రోటోరువా అంటే టూరిస్టుల కోసం పెట్టిన డ్రామా అని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. నేను ఒప్పుకోను. 1886 జూన్ 10న తరవెర అగ్నిపర్వతం పేలి సుమారు 120 మంది చనిపోయారు, ఊళ్ళు బూడిదలో కూరుకుపోయాయి, లోకమంతా చూడ్డానికి వచ్చే గులాబీ, తెలుపు రంగుల రాతి మెట్లు పోయాయి. ఆ మెట్లను చూపించే పని చేసిన తూహౌరంగి జనం ఫకరెవరెవకు వచ్చి, అక్కడివాళ్ళ ఆదరణతో మళ్ళీ గైడ్లుగా నిలబడ్డారు. సోఫియా హినెరంగి, మకెరెతి (మ్యాగీ పాపకుర) లాంటి మహిళా గైడ్లు ఆ రోజుల్లోనే ప్రసిద్ధులు. మకెరెతి తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి మానవశాస్త్రం చదివి తన జనం గురించి తానే రాసింది. ఇవాళ మీకు ఊరు చూపించే అమ్మాయి ముత్తవ్వ కూడా ఆ పనే చేసి ఉండొచ్చు. అతిథిని ఆదరించడం వాళ్ళకు తరాల వృత్తి, గౌరవం. ఆ గ్రామంలో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. పొద్దున్నే మొదటి బ్యాచ్‌లో వెళ్ళండి, గుంపు తక్కువ, గైడ్‌కు మాట్లాడే తీరిక ఉంటుంది. పక్కనే తె పుయియా అనే కేంద్రంలో చెక్కుడు, నేత నేర్పే జాతీయ విద్యాలయం ఉంది, విద్యార్థులు పని చేస్తుండగా చూడొచ్చు. రోటోరువా సరస్సు ఒడ్డున ఒహినెముతు అనే పల్లెలోని చర్చిలో మావోరీ అంగవస్త్రం కప్పుకున్న క్రీస్తు, గాజు మీద, సరస్సు నీళ్ళ మీద నడుస్తున్నట్టు కనిపిస్తాడు. అది తప్పక చూడండి.

రెండో ప్రాంతంగా ఉత్తరాన వైటాంగి, హొకియాంగ వైపు చెబుతాను. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి ప్రతినిధికీ మావోరీ పెద్దలకూ ఒప్పందం జరిగింది వైటాంగిలోనే. మావోరీ ప్రతిలో ఉన్నదానికీ ఇంగ్లీషు ప్రతిలో ఉన్నదానికీ మధ్య ఉన్న తేడా మీదే ఈ దేశపు వాదన ఇప్పటికీ నడుస్తోంది. అక్కడి మ్యూజియంలో సగం రోజు గడపండి. తర్వాత ఎవరైనా మావోరీ మనిషి మాట్లాడుతుంటే ఆ కోపం, ఆ ఓర్పు ఎక్కడివో మీకు అర్థమవుతాయి. అక్కడి నుంచి పడమటి తీరానికి వెళ్తే వైపోవ అడవిలో తానె మహుత అనే మహావృక్షం. సుమారు 50 మీటర్ల ఎత్తు అంటారు. స్థానిక మావోరీ గైడ్లతో రాత్రిపూట నడక ఉంటుంది, ఆ చీకట్లో చెట్టు ముందు వాళ్ళు పాడతారు. కౌరి చెట్లకు వేళ్ళ నుంచి సోకే రోగం ఉంది కాబట్టి దారి మొదట్లో బూట్లు కడిగే చోట తప్పనిసరిగా కడగండి.

మీకు ఓపిక, ఒంట్లో బలం ఉంటే వాంగనుయి నది. 2017లో పార్లమెంటు చట్టంతో ఈ నదికి ఒక మనిషికి ఉన్న చట్టబద్ధ హోదా వచ్చింది. గంగ, గోదావరులను తల్లీ అని పిలిచే మనకు ఇది వింతగా అనిపించదు. వింత ఏమిటంటే, చట్టం చేసి నది తరఫున మాట్లాడే మనుషుల్ని నియమించడం. తౌమరునుయి నుంచి పిపిరికి దాకా 145 కిలోమీటర్లు పడవ మీద వెళ్ళొచ్చు, అయిదు రోజులు. దారిలో తియెకె కాయింగ అనే బస మరయె కూడా. అక్కడ ఆ జనం ఉంటే స్వాగతం చెబుతారు, పద్ధతి ప్రకారం నడుచుకోవాలి, మద్యం తేకూడదు. పడవ వద్దనుకుంటే పిపిరికి నుంచి దిగువకు నది పక్కనే రోడ్డు ఉంది, ఊళ్ళ మీదుగా నెమ్మదిగా వెళ్ళండి.

ఉత్తర ద్వీపపు పడమటి తీరంలోని తరనకి వైపు వెళ్తే పరిహాక అనే ఊరి గురించి చదవకుండా వెళ్ళకండి. ప్రభుత్వం మావోరీల భూములు లాక్కుంటుంటే తె ఫితి, తోహు అనే ఇద్దరు నాయకులు ఆయుధం పట్టకుండా ఎదిరించారు. సర్వే చేసిన పొలాల్లో వెళ్ళి దున్నారు. 1881 నవంబరు 5న సుమారు 1,600 మంది సైన్యం ఊరి మీదికి వస్తే పిల్లలు ఎదురెళ్ళి పాటలు పాడారు, పెద్దలు రొట్టెలు పెట్టారు. గాంధీజీకి అప్పటికి పన్నెండేళ్ళు. ప్రభుత్వం 2017లో క్షమాపణ చెప్పింది. పరిహాక ఇప్పటికీ జనం ఉంటున్న ఊరు, ముందుగా కనుక్కునే వెళ్ళాలి.

దక్షిణ ద్వీపంలో కైకౌర అనే ఊరిని మాత్రం తప్పక ఉంచుకోండి. అక్కడ తిమింగలాలు చూపించే సంస్థ 1987లో స్థానిక మావోరీ కుటుంబాలు ఇళ్ళు తాకట్టు పెట్టి మొదలుపెట్టింది. అసలు ఏ టూర్ బుక్ చేసినా, నడిపేది ఎవరు, ఆ నేల తెగవాళ్ళేనా అని ఒక్కసారి అడగండి. డబ్బు ఎవరి చేతికి వెళ్తోందన్నది పరిచయంలో పెద్ద భాగం. ఉత్తర ద్వీపంలోని తొంగరిరో క్రాసింగ్ అనే కొండ నడక మీ ప్లాన్‌లో ఉంది. ఆ శిఖరాలను 1887లో అక్కడి తెగ పెద్ద తె హెఉహెఉ తూకినో దేశానికి అప్పగించారు. ఆ తెగ కోరేది చాలా తక్కువ: శిఖరాలు ఎక్కకండి, అక్కడి పచ్చ సరస్సుల నీళ్ళను తాకకండి. ఇంటర్నెట్‌లో ఎవరు ఎక్కిన ఫొటోలు చూసినా సరే, మీరు ఎక్కకండి. ఎక్కడైనా బీచ్ దగ్గర ‘రాహుయి’ అన్న బోర్డు ఉంటే ఆ నీళ్ళలోకి దిగకండి. మునిగి ఎవరైనా చనిపోయినప్పుడు, లేదా చేపలూ గవ్వలూ మళ్ళీ పెరగడానికి అలా కొంతకాలం ఆపుతారు.

అడగకూడని ప్రశ్నలు రెండు ఉన్నాయి. ‘మీరు ఎంత శాతం మావోరీ?’ అని అడగకండి. తెల్లని ఒంటిరంగు ఉన్నా, కళ్ళు నీలంగా ఉన్నా, వంశం చెప్పుకోగలిగితే వాళ్ళు మావోరీలే. రక్తాన్ని పాళ్ళుగా లెక్క కట్టడం వాళ్ళ మీద బయటివాళ్ళు రుద్దిన పద్ధతి. రెండోది, ‘మీ భాష మీకు రాదా?’ బడిలో మావోరీ మాట్లాడితే దెబ్బలు తిన్న తరాలు ఉన్నాయి ఇక్కడ. ఆ తరం తమ పిల్లలకు దెబ్బలు తగలకూడదని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. 1972లో భాష కోసం 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు వినతిపత్రం వెళ్ళింది, 1982లో భాషా శిశు పాఠశాలలు మొదలయ్యాయి, 1987లో అధికార భాష అయింది. ఇవాళ యాభై, అరవై ఏళ్ళ వయసులో రాత్రి క్లాసులకు వెళ్ళి మనవలతో మాట్లాడ్డం కోసం నేర్చుకుంటున్నవాళ్ళు నాకు తెలుసు. ఆ ప్రశ్న వాళ్ళకు పాత గాయం రేపుతుంది.

ఇంకో మాట, మనసులో పెట్టుకుని వెళ్ళండి. ఇక్కడ స్థిరపడ్డ మనవాళ్ళలో కొందరు ‘ఆ ఏరియాలకు వెళ్ళకండి, వాళ్ళు అలా, ఇలా’ అని చెబుతారు. అలా చెప్పేవాళ్ళలో చాలామంది ఒక్క మావోరీ ఇంట్లోనూ అన్నం తిని ఉండరు. ఎవరో అన్నది విని మళ్ళీ అంటున్న మాటలు అవి. మీరు వాటిని మోసుకుని తిరగకండి. రాజకీయాల మీద మాత్రం వినడమే మంచిది. వైటాంగి ఒప్పందపు సూత్రాలను మార్చే బిల్లుకు వ్యతిరేకంగా 2024 నవంబరులో దేశం ఆ చివరి నుంచి వేలమంది నడిచి వెల్లింగ్టన్ వచ్చారు, 2025 ఏప్రిల్‌లో ఆ బిల్లు ఓడిపోయింది. దాని గురించి ఎవరైనా చెబితే వినండి, అడగండి, మధ్యలో రిజర్వేషన్ల వాదన తెచ్చి పోల్చకండి.

కొనుక్కోవడం గురించి రెండు మాటలు. పౌనము అనే పచ్చరాయి నగలు అందరూ కొంటారు. 1997 చట్టంతో ఆ రాయి ఙాయి తహు తెగది. దుకాణాల్లో విదేశీ రాయి కూడా అదే రూపంలో అమ్ముతారు. రాయి ఎక్కడిది, చెక్కింది ఎవరు అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణంలో కొనకండి. వీలైతే ఒకరికొకరు కొనిపెట్టుకోండి. కానుకగా వస్తేనే దానికి బలం అంటారు. ముఖం మీద, గడ్డం మీద వేసుకున్న మొకొ కేవలం పచ్చబొట్టు కాదు, అందులో వంశం రాసి ఉంటుంది. అడగకుండా ఫొటో తీయొద్దు. అలాంటిది మీరు వేయించుకోవాలని అనుకోవద్దు. మావోరీ కళాకారులు బయటివాళ్ళ కోసం వేసే కిరితుహి అనే విడి పద్ధతి ఉంది, కావాలంటే అది అడగండి.

సమయం కుదిరితే మూడు సందర్భాలు. ఫిబ్రవరి 6న వైటాంగిలో తెల్లవారకముందే ప్రార్థన మొదలవుతుంది, తర్వాత పెద్ద యుద్ధపడవలు నీళ్ళలోకి దిగుతాయి. రెండేళ్ళకోసారి తె మతతిని పోటీలు, దేశంలోని ఉత్తమ బృందాల పాటలు, నృత్యాలు. మూడోది మతరికి. అవి మన కృత్తికలే. ఇక్కడి చలికాలంలో, జూన్‌లోనో జూలైలోనో తెల్లవారుజామున ఆ నక్షత్రాలు మళ్ళీ కనిపించినప్పుడు వీళ్ళకు కొత్త సంవత్సరం. ఆ ఏడు చనిపోయినవాళ్ళ పేర్లు తలుస్తారు, వండిన వంట ఆవిరిని నక్షత్రాలకు అర్పిస్తారు. 2022 నుంచి దేశమంతటా సెలవు. 2026లో అది జూలై 10. ఆ కాలంలో మీరు వస్తే కార్తీక మాసంలో మనం ఏం చేస్తామో చెప్పండి, ఎంత ఆసక్తిగా వింటారో చూడండి.

ఒక్క విషయానికి మాత్రం ముందే సిద్ధపడి రండి. మీరు మరయెకు వెళ్ళాల్సిన రోజున అక్కడ ఎవరైనా పోతే మీ కార్యక్రమం రద్దవుతుంది. మూడు రోజుల పాటు శవాన్ని మరయెలోనే ఉంచుకుని బంధువులంతా పక్కనే ఉంటారు, మిగతా పనులన్నీ ఆగిపోతాయి. అప్పుడు విసుక్కోకుండా సానుభూతి చెప్పి, ఇంకో రోజు కుదురుతుందేమో అడగండి. ఒక్కోచోట నాలుగైదు రోజులు ఉండమన్నది ఇందుకు కూడా. మీరు ఏ నెలలో వస్తున్నారో రాయలేదు. తేదీలు రాయండి. రోటోరువా రోజులు ఖాయమైతే మా బడి వైపు నుంచి ఎవరినైనా అడిగి, మీరు చీర, కండువా, పాటతో సహా రాగలిగే రోజు ఏదైనా ఉందేమో కనుక్కుంటాను.